ప్రియమైన నల్ గారికి

సంక్రాంతికి మా అమ్మ ఫోన్‌కి ఒక బీమా సంస్థ నుంచి మెసేజ్ వచ్చింది: ‘ప్రియమైన నల్ గారికి పండగ శుభాకాంక్షలు’. ‘‘ఈ నల్ ఎవరే? పాలసీ ఇంకెవరి పేరునైనా రాశారా?’’ అని అమ్మ కంగారు. విజయవాడలో ఇంజినీరింగు పిల్లలకు జావా ప్రోగ్రామింగ్ చెప్పేదాన్ని కదా, నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. జావాలో ‘ప్రియమైన’కి లేని పేరును అతికిస్తే ఆ లేమి కాస్తా ‘నల్’ అన్న అక్షరాలై కూర్చుంటుంది. కంప్యూటర్ అడ్డు చెప్పదు.

ఈ నల్‌ను 1965లో ఆల్గోల్ డబ్ల్యూ భాషలో పెట్టిన టోనీ హోర్, 2009లో లండన్ సభలో అది తన వంద కోట్ల డాలర్ల తప్పిదమన్నారు. విరుగుడు అప్పటికే ఉంది. ఎంఎల్, హాస్కెల్ లాంటి ఫంక్షనల్ భాషల్లో, ఉండొచ్చు లేకపోవచ్చు అనుకున్న విలువను ఒక డబ్బాలో పెట్టి ఇస్తారు. దాని మీద ‘మ్యాప్’ నడుపుతాం. లోపల పేరుంటే ముందు ‘ప్రియమైన’, వెనక ‘గారికి’ చేర్చి మళ్లీ డబ్బాలోనే పెడుతుంది. లేకపోతే మనం రాసిన ఫంక్షన్ జోలికే పోదు. ఖాళీ డబ్బా ఖాళీగానే ముందుకెళ్తుంది. ఇలా ఎన్ని మార్పులైనా వరసగా చేసుకుపోవచ్చు, నడుమ ‘ఉందా, లేదా’ అని అడగనక్కర్లేదు. చివర్లో ఒక్కసారి తేల్చితే చాలు: పేరు లేకపోతే ‘పాలసీదారులకు’ అని రాయి.

జావాకూ ఇది ‘ఆప్షనల్’ పేరుతో 2014లోనే, ఎనిమిదో వెర్షన్‌తో వచ్చింది. అయినా మా పిల్లలు డబ్బా చేతికి రాగానే ‘గెట్’ అని మూత పీకేస్తారు. లోపల ఏమీ లేకపోతే ఎర్రర్ వచ్చి ప్రోగ్రాం ఆగుతుంది. ‘‘టైమ్ లేదు మేడం’’ అంటారు. ఆ టైమ్ తర్వాత ఎవరిదో పోతుంది.

అమెరికా వీసా సంగతి ఇంకా చోద్యం. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, ఉన్న పేరును ఆ గడిలోకి నెట్టి, పేరు చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని వేస్తారు. పేరు తెలియదని దానర్థం. తర్వాత డ్రైవింగ్ లైసెన్సు మీద కూడా అదే పేరై అంటుకోవచ్చు.

కాబట్టి సాఫ్ట్‌వేర్ కొనే సంస్థలకూ, ప్రభుత్వ శాఖలకూ ఒక మనవి. ఇంటిపేరు లేని మనిషి, ఫోన్ లేని ముసలమ్మ, తండ్రి పేరు రాయని అమ్మాయి, ఈ ముగ్గురి వివరాలతో నడిపి చూపించమనండి. అక్కడ తడబడితే బిల్లు ఆపండి.