టీబీ దగ్గుతోని అంటుకుంటది, తలెతోని గాదు

ఊర్ల ఎవరికన్న టీబీ అని తేలిందనుకోండ్రి. గోళీలు షురూ గాకముందే ఇంట్ల తలె మారుతది. గిలాస వేరే, మంచం వేరే, దుప్పటి వేరే. చిన్నపిల్లలను దగ్గరికి పోనియ్యరు. అన్నం పెట్టెటోళ్లు దూరంకెల్లే తలె నూకుతరు. ఎవ్వలు తిట్టరు, ఎవ్వలు కొట్టరు. అయినా ఆ మనిషికి సమజైతది, ఈ ఇంట్ల తన జాగ మారిందని.

టీబీ మీద సర్కారుకాడ లెక్కలు చాన ఉన్నయి. ప్రపంచంల టీబీ వచ్చిన ప్రతి 4 మందిల ఒకలు మన దేశపోళ్లే. ఎందరికి తెమడ పరీక్ష చేసిండ్రు, ఎందరు మందులు పూర్తి చేసిండ్రు, అన్నీ కంప్యూటర్ల ఎక్కుతయి. గని ఆ 6 నెలలు ఆ మనిషి మనసుల ఏం నడిచిందో రాసుకునేటోళ్లు తక్కువ. ఆ మనసును ఇడిసిపెడితే బీమారి సుత ఊరిడిసి పోదు. ఎట్లనో చూద్దాం.

మొదలు వచ్చేది భయం. తెమడల నెత్తురు కనవడ్డనాడు సావే యాదికొస్తది. దాని ఎనుకనే సిగ్గు. "ఏం తాగిండో, ఎక్కడెక్కడ తిరిగిండో" అని వాడకట్టు గుసగుస పెడ్తది. టీబీ పురుగు గాలిల వస్తది, ఎవ్వలికైన రావచ్చు. తిండి సాలనోళ్లకు, షుగర్ ఉన్నోళ్లకు, బీడీ, మందు అలవాటున్నోళ్లకు, ఇరుకు ఇండ్లల్ల బతికెటోళ్లకు ఎక్కువ వస్తది. చేసిన పాపంతోని దీనికి సంబంధం లేదు, లేమితోని మస్తు సంబంధం ఉన్నది.

తల్లులకు ఇంకో రంది. "నా బిడ్డకు నేనే అంటిస్తున్ననేమో" అని ముద్దు పెట్టుకోదు, పక్కల పండవెట్టుకోదు. ఇగ మందులు మొదలైనంక మూత్రం ఎర్రగ వస్తది. అది రిఫాంపిసిన్ అనే మందు రంగు, దాంతోని ఏం కాదు. ఆ ఒక్క మాట ముందుగాల చెప్పకపోతే, నెత్తురు పోతున్నదనుకోని గోళీలే బందు పెడ్తరు. మామూలు మందులకు లొంగని టీబీకి ఇచ్చే సైక్లోసెరిన్ లాంటి మందులు కొందరి మనసు మీద సుత దెబ్బకొడ్తయి. కుంగిపోతరు, లేనిపోని ఆలోచనలు వస్తయి. ఇంటోళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తరు. డాక్టరుకు చెప్పాల్సిన ముచ్చట అక్కడనే ఆగిపోతది.

ఆడోళ్ల బాధ ఇంకా ఎక్కువ. లగ్గమైన ఆమెను "మంచిగైనంక రా" అని తల్లిగారింటికి పంపుతరు. మంచిగైనంక పిలువనోళ్లు సుత ఉన్నరు. లగ్గం గాని పిల్లైతే అవ్వయ్యలే దాస్తరు. సొంత మండలంల దవాఖాన ఇడిసిపెట్టి, ఎవ్వలు గుర్తుపట్టని తావుకు పోయి మందులు తెస్తరు. కిరాయికి పైసలు లేని నెల గోళీలు తప్పుతయి. మొగోళ్లేమో మేస్త్రీకి తెలిస్తే పని పోతదని పరీక్షకే పోరు.

అసలు కొట్లాట ఈడ ఉన్నది. మనం దూరం పెడ్తమని తెలిసినోడు జబ్బును దాస్తడు. దాసినోడు మందు తినడు. మందు తిననోడే దగ్గి పదిమందికి అంటిస్తడు. కుంగుబాటు ఉన్నోళ్లు మందులు నడుమల ఇడిసే అవకాశం ఎక్కువని పరిశోధనలు సుత చెప్తున్నయి.

సరే, దూరం పెడితే ఇంటోళ్లకన్న మేలు జరుగుతదా? దీనికి జవాబు 60 ఏండ్ల కిందనే దొరికింది. టీబీ వస్తే శానిటోరియంల ఉంచాల్నని, మంచి తిండి, పూర్తి విశ్రాంతి లేకపోతే తగ్గదని అప్పట్ల నమ్మేటోళ్లు. 1956ల మద్రాసుల ఒక పరిశోధన మొదలువెట్టిండ్రు. కొందరు పేషెంట్లను శానిటోరియంల ఉంచిండ్రు. ఇంకొందరిని వాళ్ల ఇరుకు ఇండ్లల్లనే, ఇంటోళ్ల నడుమనే ఉంచి అవే మందులు ఇచ్చిండ్రు. 1959ల ఫలితాలు వచ్చినయి. ఇంట్ల ఉన్నోళ్లు సుత దాదాపు అంతే మంచిగైండ్రు. వాళ్ల ఇంటోళ్లకు ఎక్కువగ టీబీ వచ్చింది సుత లేదు. ఎందుకంటే మందు సరిగ్గ పడితే అంటించే గుణం కొన్ని వారాలల్లనే బాగ తగ్గుతది. ఎక్కువ ప్రమాదం, జబ్బు తెల్వక దగ్గిన రోజులల్లనే. మన పక్కనున్న మద్రాసు ప్రపంచానికి నేర్పిన పాఠం, మన వాడకట్టుకు ఇంకా చేరలేదు.

భయం వద్దంటే జాగర్త వద్దని గాదు. మొదటి వారాలు మాస్కు పెట్టుకోవాలె. దగ్గేటప్పుడు తువ్వాల అడ్డం పెట్టుకోవాలె. కిటికీలు, తలుపులు తెరిసి గాలి ఆడనియ్యాలె. ఇంటోళ్లందరు పరీక్ష చేయించుకోవాలె, చిన్నపిల్లలకు ముందస్తు మందు గురించి డాక్టరును అడగాలె. ఎముకలకు, మెడ గడ్డలకు వచ్చే టీబీ అయితే మామూలుగ అంటుకోదు. తలెతోని, గిలాసతోని, బట్టలతోని ఏ టీబీ రాదు.

జార్ఖండ్‌ల చేసిన ఇంకో పరిశోధన ఫలితాలు 2023ల వచ్చినయి. టీబీ ఉన్న ఇంట్ల మిగిలినోళ్లకు నెలకు తలా 5 కిలోల బియ్యం, 1.5 కిలోల పప్పు, విటమిన్ గోళీలు ఇచ్చిండ్రు. ఆ ఇండ్లల్ల కొత్తగ టీబీ వచ్చుడు 39 శాతం తగ్గింది. అంటే ఇంటోళ్లను కాపాడేది వేరు చేసిన తలె గాదు, అందరి తలెలల్ల నిండ బువ్వ.

సర్కారు 2018ల టీబీ పేషెంటుకు తిండి కోసం నెలకు 500 రూపాయలు మొదలువెట్టి, 2024 నవంబర్ నుంచి 1,000 చేసింది. ఇది మంచిదే. గని ఇంటోళ్లందరికి తిండి కావాలె, ఆ పైసలు యాల్లకు పడాలె, గోళీల డబ్బతోని పాటు ధైర్యం చెప్పే మనిషి కావాలె. 2025 నాటికి దేశంల టీబీని లేకుంట చేస్తమన్నరు, కాలే. ఇంకోటి, పోషకాహారం కిట్టు ఇచ్చి ఫోటో దిగి వాట్సాప్‌ల పెట్టుడు బందు కావాలె. దానం చేసినోనికి అది పేరు, తీసుకున్నోనికి ఊరంతా దండోరా.

తమ్ముండ్లు, చెల్లెండ్లు, ఫోన్ మీ చేతులనే ఉన్నది, మీరు చేసే పని సుత ఉన్నది. 2 వారాలు దాటి దగ్గున్నోళ్లను బండి మీద ఎక్కించుకోని తెమడ పరీక్షకు తోలుకపోండ్రి. దోస్తుకు టీబీ వస్తే ఎవ్వలకు చెప్పాల్నో వాన్నే నిర్ణయించుకోనియ్యుండ్రి. మనసు బాగలేదంటే టెలీ మానస్ నంబర్ 14416కు కలిపియ్యుండ్రి, పైసలు పడయి. పొద్దుమూకి ఒకసారి పోయి, గోళీ ఏసుకున్నవా అని అడిగి, జెరసేపు కూసోని ముచ్చట పెట్టుండ్రి. 6 నెలల కోర్సు ఒక్కనికి చాన పొడుగు.