బిడ్డల మనోవర్తి, పెద్దల దాపరికము

విడిపోయిన దంపతుల నడుమ బిడ్డల మనోవర్తి వ్యాజ్యము దాఖలైనంతనే కొందఱి ఆదాయము ఆశ్చర్యకరముగ క్షీణించును. నిన్నటివఱకు లాభములార్జించిన దుకాణము నష్టములలో మునుగును. మాగాణి తమ్మునిపేర మాఱును. జీతమున సగము అప్పుల వాయిదాలకే పోవుచున్నట్లు లెక్కలు పుట్టుకొనివచ్చును. రెండవ పక్షమువారును ఒక్కొక్కప్పుడు తమ యుద్యోగమును మఱుగుపఱచి నిరాధారులమని విన్నవించుకొందురు. తుదకు న్యాయమూర్తి సాక్ష్యమును బట్టి గాక ఊహను బట్టి మొత్తమును నిర్ణయింపవలసివచ్చుచున్నది.

ఈ దుస్థితికి విరుగుడు లేకపోలేదు. మనోవర్తి కోరువారును, ఈయవలసినవారును తమ ఆదాయమును, ఆస్తులను, అప్పులను ప్రమాణపత్రమున వెల్లడింపవలయుననియు, ప్రతివాది నాలుగు వారములలో దానిని దాఖలు చేయవలయుననియు, అందులకై రెంటికి మించి అవకాశము లీయరాదనియు, బుద్ధిపూర్వకముగ ధిక్కరించువారి ప్రతివాదమును కొట్టివేయవచ్చుననియు 2020 నవంబరు 4న రజనేశ్-నేహా వ్యాజ్యమున సుప్రీంకోర్టు నిర్దేశించినది. సేద్యముపై జీవించువారు తమ భూమి మెట్టయో మాగాణియో, అందేమి పండునో తెలుపుటకు వేఱొక నమూనాను సైతము జతపఱచినది. ప్రవాసులకును ప్రత్యేక భాగము గలదు గావున, డాలర్లలో ఆర్జించుచు రూపాయలలో బీదఱికము నభినయించు తెలుగువారికిని అది వర్తించును. ఇంత స్పష్టముగ చెప్పినను, ఒక మైనరు బిడ్డ మనోవర్తి వ్యాజ్యమున ప్రమాణపత్రములే దాఖలు కాకుండుటను గమనించి, 2023లో ఆ న్యాయస్థానమే తన ఆదేశములను దేశమందలి న్యాయాధికారులకు మఱల పంపవలసివచ్చినది.

ఆదాయము వైయక్తిక విషయమనియు, విడిపోయినవారికి దానిని చెప్పనక్కఱలేదనియు కొందఱి వాదము. ఆదాయపు పన్ను పత్రములు సామాన్యముగ వైయక్తిక సమాచారమేయని సుప్రీంకోర్టు 2012లో సమాచారహక్కు వ్యాజ్యమున చెప్పిన మాట నిజమే. కాని ఆ రక్షణ పరాయివారి కుతూహలమునకు అడ్డుగోడయే గాని, కన్నబిడ్డ ఆకలికి అడ్డుగోడ కాజాలదు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము బిడ్డల పోషణభారమును తండ్రిపైననే గాక తల్లిపైనను మోపినది. ఆ భారమును పంచుటకు ఇరువురి స్తోమతయు తెలియకతీఱదు. అదియును గాక, ఆర్జించువానికే విశేషముగ తెలిసిన సంగతిని, తెలియనివారు రుజువు చేయవలెననుట ధర్మము కాదు. వాయిదాలు సాగినన్నాళ్లు బడిరుసుము ఆగదు, బిడ్డ పెరుగుట ఆగదు.

కావున, కుటుంబ న్యాయస్థానములు ప్రమాణపత్రములు లేనిదే విచారణను ముందునకు సాగనీయరాదు. అనుమానము కలిగినచోట యజమానులనుండియు బ్యాంకులనుండియు రికార్డులను రప్పింపవలయును. అసత్యప్రమాణము చేసినవారిని మందలించి విడువక శిక్షార్హులుగ విచారింపవలయును. న్యాయవాదులును తమ కక్షిదారులకు దాపరికము నేర్పుట మానవలయును. క్రొత్త చట్టము కోరనక్కఱలేదు. ఉన్న యాజ్ఞను అమలుపఱచిన చాలును. ఆదాయమును దాచినవారు వంచించునది విడిపోయిన భార్యను గాని భర్తను గాని కాదు, తమ బిడ్డనే.