డెబ్భై మూడు లక్షల్ని బట్టీ పట్టడమేనా?



క్విజ్ కోసం మనందరం "విశాఖ ఉక్కు కర్మాగారం సామర్థ్యం ఏడాదికి 73 లక్షల టన్నుల ద్రవ ఉక్కు" అని బట్టీ పట్టాం. నిద్రలో లేపి అడిగినా చెప్తాం. కానీ 73 లక్షలంటే ఎంత అంటే ఒక్కరమూ చెప్పలేకపోయాం. "చాలా" అన్నాం. మనకి లెక్కలు రావులే అని నవ్వుకున్నాం కూడా. ఆ నవ్వు నాకు నచ్చలేదు. కొండ మీద మా సంతలో షావుకారు మొత్తం చెప్పినప్పుడు మా అయ్య కూడా అలాగే నవ్వి తల ఊపుతాడు. మిరియాలు ఎన్ని కిలోలో తెలుసు, కిలో ధరా తెలుసు. మొత్తం మాత్రం షావుకారు నోట్లోంచే రావాలి.

నా అభిప్రాయం ఏమంటే, పెద్ద సంఖ్యని గుర్తు పెట్టుకుంటే చాలదు, విడగొట్టి చూడాలి. ఇది సారు చెప్పకముందే మా అవ్వ దగ్గర చూశాను. అవ్వ బడికి వెళ్ళలేదు. కుంచంలో సగం అడ్డ, అడ్డలో సగం మానిక, మానికలో సగం తవ్వ, తవ్వలో సగం సోల, సోలలో సగం అరసోల. ఐదుసార్లు సగం చేసినా గింజ తేడా రానివ్వదు.

73,00,000ని నేనూ అలాగే చేశాను. 36,50,000. 18,25,000. 9,12,500. 4,56,250. 2,28,125. సరిగ్గా ఐదుసార్లు, అవ్వ కుంచంలాగే! ఇక బేసి సంఖ్య, సగం కాదు. చివర 5 ఉంది కదా అని 5తో భాగించాను. 45,625. 9,125. 1,825. తర్వాత 365 వచ్చింది! ఏడాదిలో రోజులు! ఇంకోసారి భాగిస్తే 73. అది ప్రధాన సంఖ్య, ఇంక విడిపోదు.

అంటే 73 లక్షల్లో 365 దాక్కుని ఉంది. భాగిస్తే రోజుకి 20,000 టన్నులు, శేషం సున్నా. పది టన్నుల లారీలైతే రోజూ రెండు వేల లారీలు. ఇప్పుడు కళ్ళకి కనపడుతోంది కదా. (సామర్థ్యం అంటే చెయ్యగలిగింది. రోజూ అంతే చేస్తారని కాదు.) మొదట ఆ సామర్థ్యం 30 లక్షలు, తర్వాత 63 లక్షలు. వాటి కారణాంకాల్లో 73 లేదు, అందుకని 365తో నిశ్శేషంగా పోవు. 2028 లీపు సంవత్సరం, 366 రోజులు. అప్పుడు 73 లక్షలు కూడా పోదు. ఎందుకంటే 366 మూడుతో పోతుంది, 73,00,000 అంకెలు కూడితే 10, మూడుతో పోదు. భాగహారం చెయ్యకుండానే తెలిసిపోయింది.

పరీక్షలో ఇవి అడగరు కదా అంటారు కొందరు. అడగరు, నిజమే. సంతలో అడుగుతారు.

మేడమ్ గారూ, రాత్రి స్టడీలో పది నిమిషాలు దీనికి ఇవ్వండి. ఈ గోడపత్రిక కింది మూలలో వారానికో సంఖ్య రాసుకుంటాం. ఈ వారం ఉక్కు కర్మాగారం పిన్‌కోడు, 530031. అంకెలు కూడితే 12, కాబట్టి 3తో పోయింది. 1,76,677 మిగిలింది. 7తో, 11తో, 13తో చూశాను, పోలేదు. 17 నుంచి మీరు పట్టండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని