టాప్ లేపేది మనం, కింద నిలబడేది ఎవరు?

కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

పాత జీపులు కొని పొలం పనులకు వాడుతున్నవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. చాలా బండ్లకు ఫైబర్ హార్డ్‌టాపో, రేకు టాపో ఉంటుంది. మిర్చి బస్తాలు వేయాలన్నా, మందు డ్రమ్ము పెట్టాలన్నా అది అడ్డం. వానాకాలం వచ్చేసరికి మళ్లీ అదే కావాలి. అందుకని షెడ్డు పైపుకి ఒక చైన్ పుల్లీ వేలాడదీసి, సొంతంగా లిఫ్ట్ కట్టుకుని, టాప్ లేపి వీడియో పెడుతున్నారు. చూసినవాళ్లంతా శభాష్ అంటున్నారు.

కట్టుకోవద్దని నేను అనను. ఆ వీడియోలు ఇంకోసారి చూడండి, ఎవరు ఎక్కడున్నారో గమనించండి. గొలుసు పట్టుకుని దూరంగా నిలబడేది బండి ఓనరు. టాప్ కింద తలపెట్టి "ఇటు, కొంచెం ఇటు" అని సర్దేది కూలికొచ్చిన మనిషి. లేదంటే బడి సెలవని పొలానికొచ్చిన పిల్లోడు. నా గొడవంతా ఇదే. తెలివి మనది, పేరు మనది, తల మాత్రం ఇంకొకరిది.

ఈ మాట అనగానే వచ్చే జవాబులు నాకు తెలుసు. ఒక్కొక్కటే చూద్దాం.

"అసలు లిఫ్ట్ ఎందుకు, నలుగురు పట్టుకుంటే దిగిపోద్ది" అంటారు. దిగుద్ది. కానీ టాప్‌తో చిక్కు బరువు ఒక్కటే కాదు, దాని ఆకారం. చేతికి పట్టు దొరకదు. నిటారుగా పైకి లేవాలి. నలుగురిలో ఒకడు ముందు లేపితే మెలిక పడి ఫైబర్ మూల దగ్గర చిట్లుద్ది, వెనక అద్దం పగులుద్ది. పైగా చేతుల మీద మోసేటప్పుడు నలుగురూ దాని అంచు కిందే ఉంటారు. కాబట్టి లిఫ్ట్ కావాల్సిందే, సరైనది కావాలి.

"టన్ను పుల్లీ పెట్టాం, టాప్ ఎంతుంటది?" ఎక్కువగా వినపడే మాట ఇది. పుల్లీ టన్ను మోస్తుంది, నిజమే. ఆ పుల్లీని మోసేది ఏంటి? రేకుల షెడ్డులో అడ్డంగా వేసిన పైపులు రేకుల బరువుకీ గాలికీ వేసినవి. నడిమధ్య బరువు వేలాడదీస్తారని వెల్డింగ్ చేసినవాడు లెక్క కట్టలేదు, మనమూ చెప్పలేదు.

చైన్ పుల్లీ కాకుండా మామూలు గిలక కట్టేవాళ్లకు ఇంకో లెక్క ఉంది. బావి గిలక గుర్తు తెచ్చుకోండి. ఇరవై కిలోల బొక్కెన తోడాలంటే మనం ఇరవై కిలోల బలంతో కిందికి లాగాలి. గిలక కట్టిన దూలం మీద పడేది నలభై, రాపిడి లెక్కేస్తే ఇంకాస్త ఎక్కువే. అంటే ఎనభై కిలోల టాప్‌ని పైన కట్టిన ఒక్క గిలకతో లాగితే మీ షెడ్డు పైపు మీద నూట అరవై పడుద్ది. పైగా గిలకకి బ్రేకు ఉండదు, చెయ్యి జారితే అంతే. మంచి చైన్ పుల్లీలో బ్రేకు ఉంటుంది, గొలుసు వదిలినా బరువు అక్కడే ఆగుద్ది. రెండూ ఒకటే అనుకోవద్దు.

టాప్‌కి కట్టే తాళ్ల దగ్గరా ఇంతే. పైన ఎత్తు చాలక తాళ్లను వెడల్పుగా, చదునుగా కడతారు. రెండు తాళ్ల మధ్య కోణం 120 డిగ్రీలైతే ఒక్కో తాడు మీద సగం కాదు, మొత్తం బరువు పడుద్ది. అంతకంటే చదునైతే ఇంకా ఎక్కువ. పైగా ఆ తాళ్లు టాప్ అంచుల్ని లోపలికి నొక్కేస్తాయి. అందుకే టాప్ కొలతకి ఒక చట్రం చేయించి, దాని నాలుగు మూలల నుంచి పట్టీలు నిటారుగా దించాలి.

ఇనుప తాడు వాడేవాళ్లు యూ క్లాంపులు చూసుకోండి. వంగిన యూ బోల్టు తాడు పొట్టి కొస మీద ఉండాలి, పళ్లున్న దిమ్మ బరువు లాగే తాడు మీద ఉండాలి. తిరగేసి బిగిస్తే బరువు మోసే తాడే నలిగిపోద్ది. ఒక్క క్లాంపుతో సరిపెట్టొద్దు, కనీసం మూడు వేయండి.

"ఇన్నేళ్లుగా ఏమీ కాలేదు" అనేది ఇంకో జవాబు. బరువు మోస్తున్న వెల్డింగ్ లోపల చిట్లుతుంటే పైకి చెప్పదు. తుప్పు పట్టిన కొక్కెం నోరు తెరుచుకుంటుంటే రోజూ చూసే కంటికి ఆనదు. 1948 నాటి పాత ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్‌లో ఏం రాసి ఉండేదో తెలుసా? బరువులెత్తే యంత్రం, గొలుసు, తాడు ఏదైనా తెలిసినవాడు కనీసం 12 నెలలకోసారి పూర్తిగా పరీక్షించాలి, ఎంత బరువు మోయగలదో దాని మీదే కనపడేలా రాయాలి అని. మన షెడ్డు ఫ్యాక్టరీ కాదు, అడిగేవాడు రాడు. అడిగేవాడు లేనంత మాత్రాన ఇనుము తన గుణం మార్చుకోదు కదా.

మిర్చి బస్తా తూకంలో కిలో తేడా వస్తే ఊరుకోం, కాటా దగ్గర గొడవ పెట్టుకుంటాం. అదే మనం, మనిషి తల మీద వేలాడే టాప్ ఎంతుందో ఒక్కసారి కూడా కాటా వేయించం. తొలిసారి దించినప్పుడు కాటా మీద పెట్టండి. ఆ అంకె లిఫ్ట్ మీద పెయింటుతో రాయండి.

"సరే, ఎలా కట్టమంటావు?" అంటారా? చెప్తాను. షెడ్డు కప్పుని వదిలేయండి. నేల మీద నిలబడే నాలుగు కాళ్ల ఫ్రేము చేయించండి. కాళ్లకీ అడ్డకడ్డీలకీ మధ్య ఏటవాలు కడ్డీలు తప్పకుండా వేయించండి, ఇలాంటి ఫ్రేము పక్కకి ఒరిగే పడిపోద్ది. ఎత్తు ముందే కొలవండి: బండి ఎత్తు, టాప్ లోతు, చట్రం, పుల్లీ అన్నీ కలిపి. కాళ్లకు జానెడుకొకటి చొప్పున రంధ్రాలు వేయించండి. అవి దేనికో చెప్తాను.

లేపడం వేరు, నిలపడం వేరు. పుల్లీ ఉన్నది లేపడానికి. లేపినదాన్ని నిలపాల్సింది ఇనుప కడ్డీ. టాప్ అడుగు అంచు అద్దం ఫ్రేము కంటే, రోల్ బార్ కంటే జానెడు పైకి రాగానే ఆ రంధ్రాల్లో పిన్నులు దూర్చి, ముందొకటి వెనకొకటి లావుపాటి పైపులు పక్క నుంచి అడ్డంగా వేయండి. టాప్‌ని వాటి మీదకి దించి గొలుసు వదులు చేయండి. ఆ తర్వాతే జీపులో మనిషి ఎక్కి స్టీరింగ్ పట్టాలి. చాలామంది టాప్ గొలుసుకి వేలాడుతుండగానే డ్రైవర్ని కిందికి పంపి బండి తీయిస్తారు. అన్నిటికంటే పెద్ద తప్పు అదే. నెలల తరబడి టాప్‌ని అలాగే వేలాడదీసి కింద బండ్లు పెట్టుకోవడం రెండోది. దాన్ని దించి, పాత టైర్ల మీద పెట్టి పట్టా కప్పండి.

వాడే ముందు పరీక్ష పెట్టండి. ఇప్పటి యూరియా బస్తా 45 కిలోలు. టాప్ ఎనభై ఉంటే నాలుగు బస్తాలు, అంటే 180 కిలోలు, నేలకి జానెడు ఎత్తులో వేలాడదీసి రాత్రంతా వదిలేయండి. తెల్లారి దూలం వంగిందా, వెల్డింగ్ చిట్లిందా చూడండి. పడితే బస్తా పగులుద్ది, అంతే.

లేపే రోజు ప్రతి బోల్టూ తీశారో లేదో వేలితో తడిమి చూడండి. ఒక్కటి మిగిలినా లాగే కొద్దీ బిగిసి, ఒక్కసారిగా ఊడి ఎగురుద్ది. వెనక వైపరు వైరు, నీళ్ల పైపు ఉంటే ముందే విప్పండి. గాలి ఉన్న రోజు పెట్టుకోవద్దు. మూలలకి తాళ్లు కట్టి దూరం నుంచి సర్దండి, చేతులతో కాదు.

చివరగా "ఇంత చిన్న పనికి ఇంత ఇనుమా" అనేవాళ్లకు ఒక్క మాట. మీకు ఖర్చు ఎక్కువైతే లిఫ్ట్ కట్టొద్దు, టాప్‌తోనే బండి నడుపుకోండి. మిగిల్చిన ఇనుము లెక్క కూలి మనిషి వీపు మీద వేయొద్దు. మూడొందలో నాలుగొందలో కూలికి వచ్చినవాడు "నేను కింద నిలబడను అన్నా" అని మీతో అనలేడు. అనలేడు కాబట్టే ఆ మాట మనమే ముందు అనాలి.

గొలుసు పట్టుకున్నాక ఒకసారి కిందికి చూడండి. అక్కడ మనిషి ఉన్నాడంటే మీ లిఫ్ట్ ఇంకా పూర్తి కాలేదు.