సగమే చెప్పిన లెక్క

సంపాదకులకు,

అమెరికా కళాశాలల బేస్‌బాల్ జట్లపై విధించిన సంఖ్యా పరిమితిని ఉపకారవేతనాల విస్తరణగా మాత్రమే చూపిన గత సంచిక వ్యాసంలో సగం నిజమే ఉంది. 2025 జూన్‌లో న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించిన, ‘హౌస్’ దావాలో కుదిరిన రాజీ ఒప్పందం, జట్టుకు 11.7గా ఉన్న ఉపకారవేతనాల గరిష్ఠ సంఖ్యను తొలగించి, ఒప్పందంలో చేరిన విశ్వవిద్యాలయాల జట్లలో 34 మందికి మించి ఉండరాదని నిర్దేశించింది. ఆ 34 మందికీ పూర్తి ఉపకారవేతనం ఇవ్వవచ్చుననడం అనుమతే గాని విధి కాదు. ఆ స్తోమత కొద్ది సంస్థలకే ఉంటుంది.

అసలు దెబ్బ ‘వాక్-ఆన్’లకు, అంటే ఉపకారవేతనం లేకుండా సొంత ఖర్చుతో చదువుతూ జట్టులో చోటు సంపాదించుకునే విద్యార్థులకు తగిలింది. బంతి విసిరే పిచర్ల మోచేతులు, భుజాలు తరచూ గాయపడతాయి కనుక ఏ శిక్షకుడూ వారి సంఖ్యను తగ్గించుకోవడానికి సాహసించడు. అందువల్ల 40 మంది జట్టు 34కు కుదించుకుపోయినప్పుడు కోత పడేది ఎక్కువగా ఇంకా ఎదగని మొదటి ఏటి కుర్రాళ్లపైనే. అప్పటికే చోటు కోల్పోయినవారికి ఆ పరిమితి నుండి న్యాయస్థానం ఇప్పించిన మినహాయింపు (అదీ విశ్వవిద్యాలయం తలచుకుంటేనే) తరువాతి తరాలకు వర్తించదు. పైగా వృత్తి జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే ‘డ్రాఫ్ట్’ 2019లో 40 రౌండ్లు సాగగా, 2021 నుండి 20కే పరిమితమైంది; అంటే వృత్తి జట్ల దారి కూడా ఇరుకైంది.

రెండేళ్ల జూనియర్ కళాశాలల వైపు మళ్లవలసి వచ్చే ఇటువంటి కుర్రాళ్ల గురించి వ్యాసకర్త తదుపరి భాగంలోనైనా ప్రస్తావించాలని మనవి.

– ఒక పాఠకుడు