శవాలకు కాపలా!

ఎడిన్‌బరోలో ఆర్థర్స్ సీట్ అనే కొండ కింద, చెరువు గట్టున డడింగ్‌స్టన్ అని ఓ చిన్న పేట. ఒకప్పుడు పల్లెటూరే. ఇప్పుడు నగరంలో కలిసిపోయింది. చర్చి మాత్రం 12వ శతాబ్దం నాటిది. 1745లో రాజ్యం కోసం తిరుగుబాటు చేసిన యువరాజు చార్లెస్ సేన విడిది చేసిందీ ఈ ఊళ్లోనే.

అయితే చూడాల్సింది ఆ చర్చి గేటు. గోడకు గొలుసుతో ఓ ఇనుప కంటె వేలాడుతుంటుంది. మన దగ్గర కాళ్లకి బొండ వేసినట్టు, వాళ్లు తప్పు చేసినవాళ్ల మెడకి ఇది తగిలించి నలుగురిలో నిలబెట్టేవారు!

గేటు పక్కనే బురుజులాంటి చిన్న గది. 1824లో కట్టారు. కాపలా ఎవరికనుకున్నారు... శవాలకి! అప్పట్లో ఎడిన్‌బరోలో వైద్యవిద్యకు మంచి పేరు. కోసి నేర్చుకోవడానికి శవాలే చాలేవి కావు. దాంతో రాత్రికిరాత్రే సమాధులు తవ్వి అమ్ముకునే దొంగలు తయారయ్యారు. అందుకే ఎవరినైనా పూడ్చిపెట్టాక కొన్నాళ్లు ఆ గదిలో కూర్చుని కాపలా కాసేవారు. శవం పాడైతే దొంగలకి పనికిరాదు మరి. అయినవాళ్లు పోయిన దుఃఖానికి తోడు ఇదో జాగారం!

1828లో బర్క్, హేర్ అనే ఇద్దరు ఆ తవ్వే శ్రమ కూడా పడలేదు. ఎడిన్‌బరోలో ఏకంగా పదహారుమందిని చంపి అమ్మేశారు. 1832లో చట్టం వచ్చింది. ఎవరూ అడగని శవాలను వైద్యవిద్యకు ఇవ్వొచ్చన్నారు. సమాధుల దొంగలకి పని పోయింది. ఎవరూ అడగని శవాలంటే, చాలావరకూ దిక్కులేని పేదలవే.