అరనేత చీరకు పూర్తి వెలయా?

మన సిద్దిపేట నేతగాడెవడైనను గొల్లభామ బొమ్మ తేలకమునుపే చీరను మగ్గమునుండి కోసి అమ్మజూపునా? "బొమ్మను మూడేండ్లకు వేసియిచ్చెదను, వెల మాత్రము నేడే చెల్లింపుడు" అనిన మన స్త్రీలు వానిని గడప త్రొక్కనిత్తురా? ఇట్టి బేరమునకే మన యువకులు వీడియో గేముల యంగడిలో పోటీపడి సొమ్ము చెల్లించుచున్నారు!

"సైబర్‌పంక్ 2077" 2020 డిసెంబరు 10వ తేదీన వెలువడెను. పాత ప్లేస్టేషన్‌, ఎక్స్‌బాక్సులపై అది మాటిమాటికి ఆగిపోయెను. వారము దినములకే సోనీ సంస్థ దానిని తన యంగడినుండి తొలగించి, సొమ్ము వాపసిచ్చుటకు పూనుకొనెను. తప్పులు దిద్ది, "ఫ్యాంటమ్ లిబర్టీ" కథాభాగమును జేర్చిన సంపూర్ణ ప్రతి 2023 డిసెంబరున గాని రాలేదు. తొందరపడినవారు వెల యిచ్చి పరీక్షకుల యూడిగము చేసిరి. ఓర్చినవారు పూర్తి గేమును పొందిరి.

"అందరు నాగినచో నిర్మాతలు బ్రతుకుటెట్లు?" అందురు. ఈ యాక్షేపణ త్రోసివేయదగినది కాదు. "బాల్డర్స్ గేట్ 3" నిర్మాతలు 2020 అక్టోబరున, ఇది అసంపూర్ణమని ముందే చాటి యమ్మిరి. 2023 ఆగస్టున పూర్తిచేసి యిచ్చిరి. అట్టివారికి తెలిసి యిచ్చునది చేయూత. లోపమును దాచి పూర్తి వెల గుంజువారికి ఇచ్చునది కప్పము.

స్టీమ్ అంగడిలో కొన్న పదునాలుగు దినములలోపల, రెండు గంటలకు తక్కువగా ఆడియున్నచో, సొమ్ము వాపసడుగవచ్చును. తొందర యాపుకొనలేనివారు ఈ సదుపాయమునైన మరువకుందురు గాక. తక్కినవారికి మా హితవొక్కటే: నేత ముగియనిండు, పిమ్మట ముడి విప్పుడు.